వాటర్‌డాగ్ మొప్పలు తగ్గిపోతున్నాయి: గట్టు ఎప్పుడు పెట్టాలి, నీళ్ళు ఎంత ఉంచాలి?

డాలస్‌పెరడు

చేపల ఎర అమ్మే బెయిట్ షాపుల్లో వాటర్‌డాగ్ అని అమ్మే టైగర్ సాలమాండర్ (బల్లి ఆకారంలో ఉండే ఉభయచరం) లార్వా గురించి అడుగుతున్నాను. ముక్కు నుంచి తోక కొస దాకా 7 అంగుళాలు. 20 గ్యాలన్ల లాంగ్ ట్యాంకు (30×12×12 అంగుళాలు), 10 అంగుళాల నీళ్ళు, స్పాంజ్ ఫిల్టరు. అడుగున గులకరాళ్ళు, ఇసుక ఏమీ వెయ్యలేదు. నీళ్ళు 70–72 ఫారెన్‌హీట్.

వారం కిందటి వరకు రోజుకో వానపాము తినేది. ఇప్పుడు మొప్పల కుచ్చులు సగానికి సగం తగ్గాయి. ఐదు రోజులుగా తిండి ముట్టట్లేదు. మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగి కిందికి పోతోంది. ఒంటి మీద మట్టి రంగు పోయి పసుపు మచ్చలు తేలుతున్నాయి.

ఇది రూపం మారడమేనా, జబ్బా? అది నీళ్ళలోంచి ఎక్కి కూర్చునే గట్టు ఇప్పుడే పెట్టాలా, మొప్పలు పూర్తిగా పోయాకా? నీళ్ళు ఒకేసారి తగ్గించొచ్చా? నోరు తెరిచి తినిపించాలా?

చెరువుగట్టు

ముందు జబ్బా కాదా అన్నది తేల్చుకోండి. మొప్పలు తగ్గడం ఒక్కటే చూసి ఏమీ చెప్పలేం. నీళ్ళలో అమ్మోనియా పెరిగినా కుచ్చులు రాలిపోతాయి. తేడా వీపు మీద కనిపిస్తుంది. లార్వాకి మెడ వెనకనుంచి తోక కొస దాకా పలుచటి పొరలాంటి రెక్క ఉంటుంది కదా, పక్కనుంచి టార్చి వేసి చూడండి. వీపు మీద ఆ పొర అణిగిపోయి, తోక మీద కూడా ఎత్తు తగ్గుతుంటే రూపవిక్రియ మొదలైనట్టే. పొర నిండుగా ఉండి, కుచ్చులు మాత్రం పోయి మొప్పల కాడలు బోడిగా మిగిలితే నీళ్ళు పాడైనట్టు.

రెండో గుర్తు కళ్ళు. లార్వా కంటికి రెప్ప ఉండదు, తలలో పూసలా అతికినట్టుంటుంది. రూపం మారేటప్పుడు కళ్ళు పైకి ఉబ్బుతాయి, చుట్టూ రెప్ప అంచు ఏర్పడుతుంది. మీరు చెప్పిన పసుపు మచ్చలు, తిండి మానడం, గాలి మింగడం కూడా కలిస్తే నూటికి తొంభై పాళ్ళు రూపవిక్రియే. అయినా ఈరోజే అమ్మోనియా, నైట్రైట్ టెస్టు చెయ్యండి. రెండూ సున్నా ఉండాలి.

గట్టు ఇప్పుడే పెట్టాలి. మొప్పలు పూర్తిగా పోయేదాకా ఆగితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ఈ దశలో జబ్బు లేకపోయినా నీళ్ళలో మునిగి పోయే ప్రమాదం ఉంది. టైగర్ సాలమాండర్ లార్వాకి ఊపిరితిత్తులు ముందే ఉంటాయి. మొప్పలు కరిగేకొద్దీ శ్వాసభారం వాటి మీద పడుతుంది. ఈదడానికి పనికొచ్చే తోక రెక్క కూడా అదే సమయంలో పోతుంది. గాలి కోసం పది అంగుళాలు పైకి రావాలి, వచ్చాక పట్టుకోడానికి ఏమీ లేదు, గాజు జారిపోతుంది. రాత్రంతా అలా కొట్టుకుని అలిసిపోతుంది.

మీ ట్యాంకుకి సరిపోయే ఏర్పాటు:

నీళ్ళు రోజుకి 2 అంగుళాల చొప్పున నాలుగు రోజుల్లో రెండు, రెండున్నర అంగుళాలకి దించండి. ఒకేసారి దించినా ప్రాణానికి ముప్పు లేదు గానీ, నీళ్ళు తక్కువైతే మలినం గాఢత పెరుగుతుంది. మెల్లగా దించితే మీకు కూడా రోజువారీ మార్పు అలవాటవుతుంది.

ఒక చివర, ట్యాంకు పొడవులో మూడో వంతు గట్టుకి వదిలెయ్యండి. పలకరాయి ఒకటి వాలుగా పెట్టి, కింది అంచు ట్యాంకు అడుగుకి ఆనేలా, పై అంచు నీటి మట్టానికి అంగుళం పైన ఉండేలా చూడండి. రాయి కింద సందు ఉండకూడదు. అది అందులో దూరి ఇరుక్కుంటుంది, లేదా రాయి కదిలి మీద పడుతుంది. సందులో స్పాంజ్ ముక్కలు గట్టిగా కూరండి. వాలు గరుగ్గా ఉండాలి. నున్నటి గ్రానైట్, సెరామిక్ టైలు వద్దు. గట్టు మీద తడి స్ఫాగ్నమ్ నాచు రెండంగుళాల మందంలో పరిచి, పైన కార్క్ బెరడు ముక్క బోర్లించండి. ఒడ్డుకొచ్చాక అది మొదట వెతికేది చీకటి చోటే.

నీళ్ళలో కూడా ఒకటి రెండు చోట్ల నీటి మొక్కల గుబురు ఉంచండి. పైకొచ్చినప్పుడు దాని మీద ముందుకాళ్ళు ఆన్చి అలా తేలుతూ ఉంటుంది.

మూత గురించి మాత్రం ఏమాత్రం అశ్రద్ధ వద్దు. ఇన్నాళ్ళూ మూత లేకపోయినా నడిచింది కాబట్టి చాలామంది పట్టించుకోరు. ఇప్పుడది తడి పొట్టతో గాజుకి అతుక్కుని మూల పట్టుకుని ఎక్కేస్తుంది. గాలి గొట్టం దూరే సందు చాలు. తెల్లారేసరికి ఫ్రిజ్ కింద దుమ్ములో ఎండిపోయి దొరుకుతుంది. ఇనుప జల్లెడ మూత వేసి, క్లిప్పులు పెట్టి, గొట్టం దగ్గర స్పాంజ్ కూరండి.

ఎర్రలబుట్ట

చెరువుగట్టు గారు చెప్పినదాంతో ఒక్క చోట విభేదిస్తాను. నాలుగు రోజులు ఆగడం దేనికి? వీపు పొర ఇప్పటికే అణిగిపోయి ఉంటే ఈ సాయంత్రమే 4 అంగుళాలకి దించి గట్టు పెట్టెయ్యండి, మిగతాది రేపు. పొర ఇంకా ఉంటే నాలుగు రోజుల లెక్క సరే. గట్టు ఒకటి అందుబాటులో ఉంటే ఎప్పుడు బయటికి రావాలో దానికే తెలుసు. చేత్తో తీసి గట్టు మీద కూర్చోబెట్టొద్దు. మళ్ళీ నీళ్ళలోకి పోతే పోనివ్వండి.

తిండి సంగతి. నోరు తెరిచి పెట్టొద్దు, అస్సలు. ఈ రోజుల్లో దాని నోరే మారుతోంది. లార్వా నోరు ఒక్కసారిగా తెరిచి నీళ్ళతో సహా ఎరని లోపలికి పీల్చుకుంటుంది. ఒడ్డుకి వచ్చాక ఆ పద్ధతి పనికిరాదు, నాలుక చాపి అంటించుకుని లాక్కోవాలి. దవడ, నాలుక కింది ఎముకలు ఆ పనికి తగ్గట్టు మళ్ళీ తయారవుతున్నాయి. అప్పటిదాకా ఆకలి ఉండదు, ఉన్నా మింగలేదు. ఏడు అంగుళాల బలమైన లార్వాకి రెండు మూడు వారాల ఉపవాసం లెక్కలోది కాదు. తోక మొదలు గుండ్రంగా కండపట్టి ఉందా లేదా అన్నది చూడండి, అదే దాని నిల్వ.

మిగిలిపోయిన వానపాము నీళ్ళలో ఉంటే పావుగంటలో తీసెయ్యండి. రెండంగుళాల నీళ్ళలో చచ్చిన వానపాము ఒక్క రాత్రిలో మొత్తం పాడు చేస్తుంది.

ఒడ్డున స్థిరపడ్డాక వారం పది రోజులకి మొదటి తిండి ఇవ్వొచ్చు. నైట్‌క్రాలర్ వానపాముని అంగుళం ముక్క కోసి, రబ్బరు కొస ఉన్న పటకారుతో ముక్కు ముందు అంగుళం దూరంలో నేల మీదే మెల్లగా కదిలించండి. పైనుంచి దించితే గద్ద వచ్చినట్టు బెదిరిపోతుంది. తల కాస్త పక్కకి వంచి, ఒకడుగు ముందుకేసి చూస్తే పని అయినట్టే, అప్పుడు పటకారు కదపకుండా ఉంచండి. మొదటి రెండు మూడు సార్లు గురి తప్పి మట్టి కరుస్తుంది, కంగారొద్దు.

రెడ్ విగ్లర్ అని కంపోస్టుకి వాడే సన్న ఎర్రలు ఇవ్వకండి. ముట్టుకుంటే పసుపు రసం వదులుతాయి, నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తుంది. అలా రెండుసార్లు జరిగితే వానపాము అంటేనే వెనక్కి తగ్గే జంతువులున్నాయి.

తర్వాత తర్వాత కీచురాళ్ళు. దాని రెండు కళ్ళ మధ్య దూరం కన్నా పెద్దవి వద్దు. డి3 కలిసిన కాల్షియం పొడి అద్దండి. కీచురాళ్ళకి ఉట్టినే కాల్షియం తక్కువ, భాస్వరం ఎక్కువ. రాత్రి మిగిలిన కీచురాయిని తీసెయ్యాలి, అది నిద్రలో ఉన్న సాలమాండర్ వేళ్ళు కొరుకుతుంది.

డాలస్‌పెరడు

చూశాను. వీపు మీద పొర దాదాపు లేదు, తోక మీద సగం ఉంది. కళ్ళ చుట్టూ అంచు కనిపిస్తోంది. అమ్మోనియా 0.5, నైట్రైట్ 0. సాయంత్రం 4 అంగుళాలకి దించి గట్టు పెట్టాం. ఇప్పుడు మూడు సందేహాలు. ఒకటి, ఫిల్టరు ఇంత తక్కువ నీళ్ళలో పనిచేస్తుందా? రెండు, ఒంటినుంచి పలుచటి తెల్లటి పొర ఊడుతోంది, ఇది బూజా? మూడు, కొందరు ఉప్పు నీళ్ళలో ముంచమంటున్నారు, ముంచనా?

చెరువుగట్టు

ఫిల్టరుని అడ్డంగా పడుకోబెట్టండి, స్పాంజ్ మొత్తం మునిగి ఉండాలి. గాలి బుడగలు సన్నగా వచ్చేలా వాల్వు తిప్పండి. జోరుగా వస్తే ఆ కుదుపుకి పాపం అది నిలదొక్కుకోలేదు. స్పాంజ్‌ని కుళాయి కింద కడగొద్దు, అందులోని బాక్టీరియానే అమ్మోనియాని తింటోంది. తీసిన పాత నీళ్ళలో పిండితే చాలు.

0.5 అంటే ఈరోజే సగం నీళ్ళు మార్చాలి. ఇకనుంచి నీళ్ళు తక్కువ కాబట్టి రోజూ మూడో వంతు మార్చడమే మందు. రెండున్నర అంగుళాల లోతు, గట్టు పోను మీ ట్యాంకులో ఉండేది దాదాపు 3 గ్యాలన్లు. రోజుకో గ్యాలన్ తీసి గ్యాలన్ పొయ్యడమే, పెద్ద పనేం కాదు.

కుళాయి నీళ్ళు ఒక రోజు బకెట్లో ఉంచి వాడితే చాలు అన్న మాట పాతకాలంది. క్లోరిన్ అలా పోతుంది. అమెరికాలో చాలా నగరాలు క్లోరమిన్ కలుపుతాయి, అది పోదు. సీకెమ్ ప్రైమ్ లాంటి నీటి కండిషనర్ వాడండి. మోతాదు 50 గ్యాలన్లకి 5 మిల్లీలీటర్లు, అంటే గ్యాలన్‌కి 0.1 మిల్లీలీటరు, రెండు చుక్కలు. పిల్లలకి మందు పట్టే 1 మిల్లీలీటరు సిరంజితో కొలవండి, మూతతో అంచనా వేస్తే ఎక్కువ పడుతుంది. కలబంద కలిపిన కండిషనర్లు చేపల కోసం, వీటికి వద్దు. కొత్త నీళ్ళ వేడి పాత నీళ్ళతో సమానంగా ఉండేలా చూసి పొయ్యండి.

తెల్ల పొర: కుబుసం అయ్యుండొచ్చు. రూపం మారేటప్పుడు చాలాసార్లు విడుస్తుంది. కుబుసమైతే తడి సెల్లోఫేన్ కాగితంలా, ఒక్క ముక్కగా, పారదర్శకంగా ఊడుతుంది, కొన్నిసార్లు అదే తినేస్తుంది. బూజైతే ఒకచోటే దూది పింజలా అతుక్కుని నీళ్ళలో ఊగుతుంది, ఎక్కువగా మొప్పల మొదట్లోనో, పుండు మీదో. ఒడ్డున ఉండగా కుబుసం వేళ్ళకి ఉంగరంలా చుట్టుకుని ఎండితే వేలు నల్లబడుతుంది. అప్పుడు కండిషనర్ కలిపిన నీళ్ళు అరంగుళం పోసి పది నిమిషాలు అందులో ఉంచండి, దానంతట అదే వదులవుతుంది. గోటితో లాగొద్దు.

ఉప్పు వద్దు. చర్మం మొత్తం కొత్తగా ఏర్పడుతున్న సమయం, దాని ద్వారానే నీళ్ళు, ఉప్పులు లోపలికీ బయటికీ పోతుంటాయి. ఇప్పుడు ఉప్పు స్నానం పెడితే పుండు మీద కారం చల్లినట్టే. నిజంగా దూది బూజు కనబడినా, పొట్ట కింద, తొడల లోపలి వైపు చర్మం ఎర్రగా కందినా, ఒళ్ళు బుడగలా ఉబ్బినా, ఇంటి వైద్యం మానేసి ఉభయచరాలు చూసే ఎగ్జాటిక్ వెట్ (అరుదైన పెంపుడు జంతువుల డాక్టరు) దగ్గరికి వెళ్ళండి. వాటర్‌డాగ్‌లని తొట్లలో కుక్కి అమ్ముతారు, వాటిలో ఉభయచరాల ప్రాణం తీసే రానావైరస్ తిరుగుతుంటుంది, దానికి ఉప్పు ఏమీ చెయ్యదు.

వేడి కూడా చూసుకోండి. 72 అంటే అంచున ఉన్నారు. 62–68 మధ్య ఉంటే మేలు. 75 దాటితే ఒత్తిడి, 80 దాటితే ప్రాణం మీదికొస్తుంది. హీటరు, హీట్ ల్యాంపు పెట్టి తొందరపెట్టొద్దు. మొదటి గుర్తు కనబడ్డాక మొత్తం రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది.

బోరునీళ్ళు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. హైదరాబాద్‌లో నా ఆక్సోలోటల్‌కి (మెక్సికో సాలమాండర్) మొప్పలు చిన్నవవుతున్నాయి. దీనికి కూడా గట్టు పెట్టాలా? అయోడిన్ వేస్తే ఒడ్డుకొచ్చే సాలమాండర్ అవుతుందని ఒక వీడియోలో చూశాను, నిజమేనా?

రాతికింద

గట్టు తర్వాత, ముందు థర్మామీటరు పెట్టండి. హైదరాబాద్‌లో ఆక్సోలోటల్ మొప్పలు తగ్గడానికి పది సందర్భాల్లో తొమ్మిది సార్లు కారణం వేడి, లేదా అమ్మోనియా. దానికి 16–18 సెల్సియస్ కావాలి, 24 దాటితే కష్టం. మే నెలలో గది 35 ఉంటే టేబుల్ ఫ్యాన్ పెట్టినా రెండు మూడు డిగ్రీలే తగ్గుతుంది, చిల్లర్ తప్పదు. ఐసు సీసాలు వేస్తూ పోతే పగలు 18, రాత్రి 27 అవుతుంది. ఆ ఊగిసలాట వేడికన్నా చెడ్డది. బోరు నీళ్ళ గట్టిదనం ఆక్సోలోటల్‌కి ఇబ్బంది కాదు, కానీ నైట్రేట్ పరీక్షించండి. కొన్ని బోర్లలో నీళ్ళు పట్టేటప్పటికే ఎక్కువ ఉంటుంది, అప్పుడు ఎంత మార్చినా తగ్గదు.

వీపు పొర నిండుగా ఉందా? ఉంటే అది రూపవిక్రియ కాదు. ఆక్సోలోటల్ జీవితాంతం లార్వా రూపంలోనే ఉండి గుడ్లు పెట్టే జాతి. ప్రకృతిలో మెక్సికో నగరం దక్షిణాన షోచిమిల్కో కాలవల్లోనే మిగిలింది. వాటిలో ఎప్పుడో ఒకటి మారుతుంది. 1864లో మెక్సికో నుంచి పారిస్‌కి తెచ్చినవాటి పిల్లలు కొన్ని మరుసటి ఏడు మొప్పలు పోగొట్టుకుని ఒడ్డెక్కితే ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త ఆగస్ట్ డ్యూమెరిల్ తెల్లబోయాడు. ఆక్సోలోటల్ పేరుతో కొన్నది మారుతోందంటే అది టైగర్ లార్వానో, సంకరమో అయ్యుండే అవకాశమే ఎక్కువ. కాలి వేళ్ళు చూడండి. టైగర్ లార్వా వేళ్ళు పలకగా, మొదట్లో వెడల్పుగా, కొసకి త్రికోణంలా ఉంటాయి. ఆక్సోలోటల్‌వి సన్నగా, పొడవుగా ఉంటాయి.

అయోడిన్ జోలికి పోకండి. రూపవిక్రియని నడిపించేది థైరాయిడ్ హార్మోను, అయోడిన్ దానికి ముడిసరుకు మాత్రమే. ఆక్సోలోటల్‌లో మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి థైరాయిడ్‌కి వెళ్ళే ఉసిగొల్పు చాలదు. ముడిసరుకు పోసినంత మాత్రాన పని జరగదు, మోతాదు తప్పితే చస్తుంది. ల్యాబుల్లో హార్మోనుతో మార్చినవి కూడా మామూలువాటంత కాలం బతకవు. వీడియో కోసం చేసే పని అది.

ఇంకొకటి. ఆక్సోలోటల్ సైటీస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. 2022 సవరణ తర్వాత మన వన్యప్రాణి చట్టం కిందికి వచ్చింది. 2024 నిబంధనల ప్రకారం ఇంట్లో ఉన్నదాన్ని కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చెయ్యాలి. అమ్మినవాళ్ళు చెప్పి ఉండరు.

డాలస్‌పెరడు

మూడు రాత్రులుగా గట్టు మీదే, బెరడు కింద ఉంటోంది. మొప్పల చోట చిన్న మొటిమల్లాంటివి మిగిలాయి. నీళ్ళు పూర్తిగా తీసెయ్యొచ్చా? నేలపెట్టె ఎలా తయారుచెయ్యాలి? పెద్దదయ్యాక ఇంటి వెనక చెరువులో వదలొచ్చా?

ఎర్రలబుట్ట

మొటిమలు పూర్తిగా చదునయ్యి, మొప్పల చీలికలు మూసుకునే దాకా నీళ్ళు ఉండాలి. ఇంకో వారం అనుకోండి. తర్వాత రెండు వారాలు ప్లాస్టిక్ డబ్బాలో తడి పేపర్ టవల్ మీద ఉంచండి. రంగు, సువాసన లేనివి, తెల్లవి. రోజూ మార్చండి. చూడ్డానికి బాగోదు గానీ మలం ఎలా ఉంది, తిన్నదా లేదా, చర్మం ఎర్రబడిందా అన్నది దాని మీదే తెలుస్తుంది. ఒక మూల సగం అంగుళం నీళ్ళున్న పళ్ళెం, ఒక బెరడు.

తర్వాత అదే 20 గ్యాలన్ల ట్యాంకు సరిపోతుంది. అడుగున 4 నుంచి 6 అంగుళాల మట్టి కావాలి, ఇవి తవ్వుకుని మట్టిలో బతికే జంతువులు. ఎరువు, పెర్లైట్, వర్మిక్యులైట్ కలవని తోట మట్టి రెండు పాళ్ళు, కోకోపీట్ ఒక పాలు. గుప్పెట్లో పిండితే ముద్దగా నిలవాలి, ఒకటి రెండు చుక్కలకి మించి కారకూడదు. నీళ్ళు కారితే పొట్ట కింద చర్మం పుండు పడుతుంది. ఒక చివర తడి ఎక్కువ, ఇంకో చివర తక్కువ ఉంచితే తనకి కావలసిన చోట తవ్వుకుంటుంది. గులకరాళ్ళు వద్దు. ఎర మీదికి దూకినప్పుడు నోట్లో పడి మింగేస్తుంది, పేగులో అడ్డం పడుతుంది. నీటి పళ్ళెం అంగుళం లోతు చాలు, ఇక అది మంచి ఈతగాడు కాదు.

పిల్ల దశలో రోజు మార్చి రోజు, పెద్దదయ్యాక వారానికి రెండుసార్లు తిండి. బతికితే పన్నెండు, పదిహేనేళ్ళు ఉంటుంది. ఇవి ఎంత పెట్టినా తింటాయి, అదే చిక్కు. తల కన్నా పొట్ట బాగా వెడల్పయితే తగ్గించండి. చేత్తో పట్టుకోవడం తప్పనిసరైతేనే, అది కూడా సబ్బు, లోషన్, శానిటైజర్ లేకుండా కడిగి తడిపిన చేతులతో. తర్వాత మీ చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలు మరీ ముఖ్యంగా, సాల్మొనెల్లా ఉంటుంది.

చెరువులో వదలొద్దు. ఆ జాతి టెక్సాస్‌లో ఉన్నదే కదా అనిపిస్తుంది, కానీ షాపు తొట్టిలోంచి వచ్చినది ఏ వైరస్ మోస్తోందో తెలీదు. కాలిఫోర్నియా సాలినాస్ లోయలో చేపల ఎర కోసం ఈ వాటర్‌డాగ్‌లనే తెచ్చి వదిలారు. అవి అక్కడి సొంత జాతి కాలిఫోర్నియా టైగర్ సాలమాండర్‌తో సంకరమై ఇప్పటికీ విడదీయలేని తలనొప్పి అయ్యింది. ఇప్పుడు ఆ రాష్ట్రంలో ఆక్సోలోటల్‌ని కూడా పెంచనివ్వరు. ట్యాంకు నీళ్ళు కూడా వానకాలవలో కాకుండా బాత్‌రూంలో పారబొయ్యండి.

చెరువుగట్టు

ఒక్క మాట కలుపుతాను. వంటింటి తూకం మీద తడి టవల్ ఉన్న డబ్బా పెట్టి, సున్నా చేసి, వారానికోసారి బరువు రాసుకోండి. రూపం మారేటప్పుడు తగ్గడం మామూలే. ఒడ్డెక్కాక మూడు వారాలు దాటినా తినకుండా, బరువు ఇంకా తగ్గుతూ, తోక మొదట్లో ఎముక తగులుతుంటే అప్పుడు వెట్. వెళ్ళేటప్పుడు ఆ కాగితం, తడి టవల్ మీద దొరికిన తాజా మలం ఒక జిప్ సంచిలో తీసుకెళ్ళండి, పురుగుల పరీక్షకి మొదట అడిగేది అదే.